సేవకు డాక్టరేటా?



"సేవ చెయ్యడానికి చదువెందుకమ్మా? మనసుంటే చాలదూ?" ఈ మాట మీరూ వినే వుంటారు. ఆడపిల్ల బి.ఏ. పూర్తిచేసి, ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. అది కూడా అయ్యాక పీహెచ్.డీ.కి అప్లికేషన్ పెడతానందనుకోండి, ఇక చెప్పనక్కరలేదు. "మందులిచ్చే డాక్టరు తెలుసు. సేవలో డాక్టరేమిటి, విడ్డూరం కాకపోతే!" అని పెద్దవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. నేనా ప్రశ్నను కొట్టిపారెయ్యను. అడగవలసిన ప్రశ్నే. అయితే దానికి జవాబు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదు. మన కర్నూలు, కడప జిల్లాల కరువు చరిత్రలోనే అది వుంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఉయ్యాలవాడ అనగానే మనకు 1846లో కుంఫిణీ మీద తిరగబడ్డ నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. అదే ఉయ్యాలవాడలో, ఇప్పుడది నంద్యాల జిల్లాలో చేరింది, బుడ్డా వెంగళరెడ్డిగారని ఒక మహానుభావుడుండేవాడు. 1866లో కరువు వచ్చినప్పుడు ఆయన తన గాదెలు తెరిచి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు నెలల తరబడి గంజి పోయించాడు. ఆ సంగతి సీమదాకా పాకి, విక్టోరియా రాణి పేర బంగారు పతకం పంపించారు. ఆయన మీద పాటలు కట్టి మన పల్లెల్లో నేటికీ పాడుతారు. సేవ అంటే ఇదే గదా మరి? ఆకలి చూశాడు, అన్నం పెట్టాడు. చదువూ లేదు, పరీక్షా లేదు. అసలు ఆ గంజి కాచిన చేతులు ఎవరివో, ఎన్ని కుండలు దించారో, ఎన్ని తెల్లవారుజాములు పొయ్యి ముందు కూర్చున్నారో పతకం మీద చెక్కలేదనుకోండి. అది వేరే సంగతి.

పదేళ్ళు తిరక్కుండానే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. మన పెద్దవాళ్ళు పెద్దకరువని చెప్పుకునేది దీన్నే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగోవంతు తగ్గిపోయారు. నలుగురున్న ఇంట్లో ఒకరు లేకుండా పోవడమంటే ఎట్లా వుంటుందో ఒక్కసారి ఆలోచించండి. దాన్ని ఎంత పెద్ద దాతయినా ఒక్కడు ఆపగలడా? ఆపలేడు. అప్పుడిక సర్కారు కరువు పనులు పెట్టింది. రాళ్ళు కొట్టాలి, మట్టి మొయ్యాలి, కూలి ఇస్తారు.

ఎంత కూలి? అసలు గొడవంతా అక్కడే వచ్చింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, ఖర్చు తగ్గించాలని, మగ కూలీకి రోజుకొక పౌను ధాన్యం, పైన కొద్దిగా చిల్లర చాలునన్నాడు. పౌనంటే మన లెక్కలో 450 గ్రాములు. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఇంకా తక్కువ. అప్పుడు మద్రాసులో కార్నిష్ అని, ప్రజారోగ్యం చూసే డాక్టరొకాయన వుండేవాడు. రోజల్లా రాళ్ళు కొట్టే మనిషికి, పప్పూ కూరా లేని ఒట్టి గింజలు ఒక్క పౌను పెడితే వాడు నిలబడడు, నెమ్మదిగా చచ్చిపోతాడని ఆయన వాదించాడు. వాదన అంటే ఉపన్యాసం కాదు. జైలు ఖైదీలకు ఎంత తిండి పెడుతున్నారు, పనిచేసే మనిషి వొంటికి ఎంత కావాలి, కరువు క్యాంపుల్లో మనుషులు ఎట్లా చిక్కిపోతున్నారు, ఈ లెక్కలన్నీ కాగితం మీద పెట్టాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాల యుద్ధమే నడిచింది. చివరకు ఆ యేడే మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచక తప్పలేదు. అప్పటికే చాలామంది పోయారు. అయినా ఎందరో మిగిలారంటే ఆ లెక్క వల్ల మిగిలారు.

చూశారా తేడా? వెంగళరెడ్డిగారు అన్నం పెట్టారు. కార్నిష్ పెట్టే అన్నం సరిపోతుందా అని అడిగాడు. మొదటిది లేకపోతే రెండోదానికి అర్థం లేదు. కాని రెండోది లేకపోతే లక్షల మందికి పెట్టే అన్నం కూడా విషమవుతుంది. సేవలో పరిశోధన అంటే నా దృష్టిలో ఈ రెండో ప్రశ్న. కాకపోతే ఆ కాలంలో దానికి ఆ పేరు లేదు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ క్యాంపుల్లో గంజికి చాపిన చేతుల్లో సగం ఆడవాళ్ళవీ పిల్లలవీ. లెక్క కట్టినవాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క తెలుగు మనిషి పేరూ పైకి రాలేదు.

ఇలా ప్రశ్న అడగడాన్నే ఒక చదువుగా, అదీ ఆడవాళ్ళకోసం ఎక్కడ మొదలుపెట్టారంటే, అమెరికాలో బ్రిన్ మార్ అనే స్త్రీల కాలేజీలో. దాని వెనకాల ఒక కథ వుంది. కరోలా వోరిషాఫర్ అని ఆ కాలేజీలో చదువుకున్న అమ్మాయి. బాగా కలిగినవాళ్ళ బిడ్డ. న్యూయార్కులో బట్టలుతికే లాండ్రీలలో పనిచేసే ఆడవాళ్ళ బతుకు ఎట్లా వుందో తెలుసుకోవాలని, తానెవరో చెప్పకుండా, వేసవి ఎండల్లో నెలలపాటు ఆ లాండ్రీలలోనే కూలికి చేరింది. తరువాత వలస కూలీల క్యాంపులు తనిఖీ చేసే ఉద్యోగంలో వుండగా 1911లో కారు ప్రమాదంలో పోయింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. తన ఆస్తిలో ఏడున్నర లక్షల డాలర్లు కాలేజీకి రాసివుంచింది. ఆ డబ్బుతో 1915లో ఆమె పేరనే ఒక శాఖ పెట్టి, సంఘసేవలో పీహెచ్.డీ. దాకా చదువు చెప్పడం మొదలుపెట్టారు.

తమాషా ఏమిటంటే, అదే 1915లో ఫ్లెక్స్నర్ అనే పెద్దమనిషి బాల్టిమోర్‌లో సంఘసేవకుల సభలో లేచి, "మీది ఇంకా పూర్తి వృత్తి కాదు, మీకు మీదంటూ ఒక విద్య లేదు" అని తేల్చి చెప్పాడు. వైద్య విద్యను సంస్కరించిన మనిషి, ఆయన మాటకు విలువుంది. ఇంకోళ్ళయితే చిన్నబుచ్చుకుని ఊరుకునేవాళ్ళు. ఆ ఆడవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. రెండేళ్ళలో మేరీ రిచ్‌మండ్ ఒక కుటుంబం కష్టాన్ని ఎట్లా విచారించి అర్థం చేసుకోవాలో చెబుతూ పెద్ద పుస్తకమే రాసింది. చికాగోలో సోఫోనిస్బా బ్రెకిన్‌రిడ్జ్, ఈడిత్ అబట్ తమ స్కూలును తీసుకెళ్ళి 1920లో విశ్వవిద్యాలయంలో కలిపారు. 1924లో ఈడిత్ అబట్ దానికి డీన్ అయింది.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలయింది. నాగ్‌పాడాలో క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే పాదిరీ కూలి జనం మధ్య పనిచేస్తుండేవాడు. టాటావారి ధర్మనిధితో, ఆయన పూనికతో పెట్టిన ఆ స్కూలే ఈనాటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1964లో దానికి విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా వచ్చింది. మనకు దగ్గర్లో 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్ మద్రాసులో ఒక స్కూలు పెట్టింది. 1952లో మద్రాసే గదా మనకూ రాజధాని! అక్కడ ఆ స్కూలు తలుపులు తెరిచిన కాలంలోనే ఇక్కడ రాయలసీమలో మళ్ళీ కరువు, మళ్ళీ గంజి కేంద్రాలు. సైన్యం వచ్చి బావులు తవ్విన రోజులవి.

ఇప్పుడు దుర్గాబాయమ్మగారి సంగతికి వస్తాను. ఆవిడది రాయలసీమ కాదు, 1909లో రాజమండ్రిలో పుట్టింది. అయినా ఈ కథలో ఆవిడ లేకుండా ముందుకు పోలేం. దేశసేవ సంగతి మీకందరికీ తెలుసు. నేను చెప్పదలుచుకున్నది ఆవిడ అప్లికేషన్ల సంగతి.

ఎనిమిదో యేట పెళ్ళిచేశారు. పెద్దయ్యాక ఆ సంసారం వద్దని వచ్చేసింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం, జైలు. వేలూరు జైల్లో మామూలు ఖైదీలుగా వున్న ఆడవాళ్ళను చూసింది. తాము ఏ నేరం మీద వచ్చారో, చట్టం ఏమి చెబుతుందో తెలియని వాళ్ళు. వీళ్ళ తరఫున మాట్లాడాలంటే జాలి చాలదు, లా చదవాలి అనిపించింది. లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి గదా! బయటికి వచ్చాక కాశీ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్‌కు కట్టింది. ఆ తరువాత రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్సుకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్లికేషన్ పెట్టింది. సి.ఆర్. రెడ్డిగారు వైస్ ఛాన్సలర్. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోవడం కుదరదన్నారు. అప్పుడావిడేం చేసిందో చూడండి. పత్రికలో ప్రకటన ఇచ్చింది, ఇలాగే సీటు దొరకని అమ్మాయిలెవరైనా వుంటే నాకు రాయండని. పదిమంది దాకా రాశారు. అందరూ కలిసి ఒక ఇల్లు చూసుకున్నారు. ఇదిగోనండీ హాస్టల్ అని చూపించారు. ఇక కాదనడానికి ఏముంది?

ఆనర్సు పాసయ్యాక లండన్‌లో చదువుకోవడానికి టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చి ప్రయాణం ఆగిపోయింది. మద్రాసులో లా చదివింది. ఈలోగా ఇంకొక పని చేసింది, అది నాకన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను మద్రాసులో కూర్చోబెట్టి కాశీ మెట్రిక్‌కు పాఠాలు చెప్పించింది. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభ ఆ పాఠాలతోనే ఎదిగింది. తరువాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. అదే యేడు అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఇచ్చింది పనికొచ్చిందా అని చూడాలంటే మళ్ళీ అదే ప్రశ్న, కార్నిష్ ప్రశ్న. 1958 నుంచి చదువు మధ్యలో ఆగిన పెద్దవయసు స్త్రీలకు బోర్డువారు సంక్షిప్త కోర్సులు పెట్టారు. రెండేళ్ళలో మెట్రిక్. మీ అమ్మల్లో, అత్తల్లో ఆ కోర్సు చదివి టీచరో నర్సో అయినవాళ్ళు వుండే వుంటారు, ఒకసారి అడిగి చూడండి.

మనం దుర్గాబాయమ్మను డాక్టర్ దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ అంటాం. ఆ డాక్టర్ గౌరవంగా ఇచ్చింది. పని ముందు చేసింది, పట్టా తరువాత వచ్చింది. ఆ తరంలో అంతే. 1981 మేలో ఆవిడ పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే మన సీమలో పెద్ద చదువులు దగ్గరకు వచ్చాయి. అదే 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 1983లో తిరుపతిలో ఆడవాళ్ళకే ప్రత్యేకంగా శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం. పద్మావతిలో సోషల్ వర్క్ శాఖ వుంది. అంటే కడప ఆడపిల్ల రైలెక్కితే పూట ప్రయాణంలో ఈ చదువు దొరికే రోజు వచ్చింది. వాల్తేరులో హాస్టల్ కోసం పేపరులో ప్రకటన ఇచ్చుకున్న రోజులకూ దీనికీ మధ్య యాభై ఏళ్ళు పట్టలేదు.

సరే, అప్లికేషన్ పెడతారు. ఏ విషయం మీద పరిశోధన చేస్తావని అక్కడ అడుగుతారు. మన పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు. ఢిల్లీలోనో అమెరికాలోనో పుస్తకాల్లో వున్న విషయం ఏదో ఎత్తుకొస్తారు. మన గడపలోనే ఎన్ని విషయాలున్నాయో చూడరు. రెండు మూడు చెబుతాను.

ఒకటి, పత్తి విత్తనం. కర్నూలు జిల్లాలో, నంద్యాల వైపు సంకరజాతి పత్తి విత్తనాలు పండిస్తారు. ఈ పంటలో ఒక్కొక్క మొగ్గనూ సాయంత్రం చేత్తో విప్పి మగ భాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున ఇంకొక పువ్వు పుప్పొడి దానికి రుద్దాలి. వేల పువ్వులకు, నెలల తరబడి. ఈ పనికి ఎక్కువగా బడి ఈడు ఆడపిల్లలనే పెట్టేవాళ్ళు. ఎందుకని అడిగితే, వాళ్ళ వేళ్ళు సన్ననివి, వాళ్ళు చెట్టంత ఎత్తే వుంటారు, నడుము వంచక్కరలేదు అని చెప్పేవాళ్ళు. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని పట్నంలో మనం అనేవాళ్ళం. 1990ల చివరా, ఆ తరువాతా పరిశోధకులు పొలాల్లో తిరిగి, ఖర్చుల లెక్కలు తీశారు. రైతుకు కంపెనీలు విత్తనానికిచ్చే ధర ఎంత, అందులో కూలికి పోయేదెంత, పెద్దవాళ్ళను పెట్టుకుంటే మిగిలేదెంత అని. ఆ ధరకు పెద్దవాళ్ళ కూలి గిట్టుబాటు కాదని తేలింది. అంటే సంగతి పిల్లల వేళ్ళలో లేదు, కంపెనీ ధరలో వుంది! ఈ లెక్క బయటపడ్డాకే కంపెనీలను నిలదియ్యడం మొదలయింది. పిల్లకు పలకా బలపం కొనిచ్చే దయ మంచిదే. కాని ఆ పిల్లను పొలానికి తోసిందేమిటో ఆ దయ చెప్పలేకపోయింది.

రెండోది కువైట్. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో వున్న ఊళ్ళున్నాయి. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు అక్కడ ఇళ్ళల్లో పనికి వెళతారు. ముప్ఫై యేళ్ళు నిండని స్త్రీకి ఇంటిపని కోసం అనుమతి ఇవ్వకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది, వాళ్ళ రక్షణ కోసమే. అయితే ఆ నిబంధన రక్షిస్తున్నదా, లేక దొంగదారిన పంపే ఏజెంట్ల చేతుల్లోకి తోస్తున్నదా? అక్కడ ఇంకొకరి పిల్లలను పెంచే తల్లి, ఇక్కడ తన పిల్లలను పెంచే అమ్మమ్మ. ఆ అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులొస్తే ఎవరు చూస్తారు? తిరిగి వచ్చిన ఆడమనిషిని ఊరు ఎట్లా చూస్తుంది? ఇవన్నీ ఒకరు కూర్చుని, నమ్మకం కలిగించి, ఏళ్ళ తరబడి వింటే తప్ప తెలియవు. ఆ ఆడమనిషి "నా రాత" అంటుంది. ఇంగ్లీషులో దానికి ఒక మాట పెట్టేసి థీసిస్‌లో రాసుకుంటే సరిపోతుందా? ఆ మాట వెనక అప్పుందో, తాగే మొగుడున్నాడో, ఆడబిడ్డ పెళ్ళి వుందో తెలుసుకోగలిగింది అదే యాసలో పుట్టి పెరిగిన మనిషే. ఈ విషయంలో మన ఆడవాళ్ళకు ఏ విదేశీ పరిశోధకురాలికీ లేని బలం వుందని నేననుకుంటాను.

మూడోది కాస్త ఇబ్బందిపెట్టే సంగతి. కర్నూలునుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఓర్వకల్లు వుంది గదా, ఇప్పుడు నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం కూడా వచ్చింది. 1990ల నడుమ ఐక్యరాజ్య సమితి సాయంతో పేదరికం తగ్గించే పథకం ఒకటి మన రాష్ట్రంలో మూడు జిల్లాల్లో పెట్టారు. కర్నూలు అందులో ఒకటి. ఓర్వకల్లు మండలంలో రూపాయి రూపాయి పొదుపు చేసుకున్న ఆడవాళ్ళు సంఘాలు కట్టారు, సంఘాలన్నీ కలిసి ఐక్య సంఘమయ్యాయి. బ్యాంకులకు పోలేని వాళ్ళు తామే అప్పులిచ్చుకున్నారు. బడి పెట్టుకున్నారు. ఈ పద్ధతే తరువాత వెలుగు పథకంగా రాష్ట్రమంతా పోయింది. మన రాష్ట్రంలోని ఇలాంటి సంఘాల ఆడవాళ్ళు వేరే రాష్ట్రాలకు వెళ్ళి, భాష రాకపోయినా, అక్కడి ఆడవాళ్ళకు నేర్పి వచ్చారు. వీళ్ళలో బడి మొహం చూడనివాళ్ళెందరో! మరి ఇప్పుడు ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వీళ్ళ ముందు కూర్చుంటే ఎవరు డాక్టరు, ఎవరు విద్యార్థి?

నాకు తోచిన జవాబు చెబుతాను. ఓర్వకల్లు అక్కకు తన సంఘం తెలుసు, నూటికి నూరుపాళ్ళు తెలుసు. పక్క మండలంలో అదే సంఘం ఎందుకు కూలిపోయిందో, అప్పు తీర్చలేక మధ్యలో మానేసిన ఆడమనిషి ఏమయిందో, ఆ మనిషి మీటింగుకు రాదు కాబట్టి ఆమె గురించి ఎవరు చెప్పాలో, అది వేరే పని. గెలిచినవాళ్ళను చూడటానికి అందరూ వస్తారు. రానివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళడమే పరిశోధకురాలి పని. వెళ్ళినప్పుడు ఎందుకు అడుగుతున్నానో ముందు చెప్పి, సరే అంటేనే అడగాలి. పేరు బయటపెట్టకూడదు. రాసింది మళ్ళీ తీసుకొచ్చి వాళ్ళకు చదివి వినిపించాలి. ఈ మూడూ చెయ్యకుండా తెచ్చుకున్న డాక్టరేటుకు నేను పెద్ద విలువివ్వను.

ఇంతా విని, మా అమ్మాయిని చేర్పిద్దాం, లేదా నేనే చదువుకుందాం అనుకునేవారికి దారి కూడా చెబుతాను. ఏ డిగ్రీ అయినా సరే, ముందు ఎం.ఎస్.డబ్ల్యూ. చెయ్యాలి. రెండేళ్ళు. వారానికి రెండేసి రోజులు ఆసుపత్రికో, బస్తీకో, అనాథాశ్రమానికో పంపుతారు, చూసింది చూసినట్టు రాయిస్తారు. ఆ రాతలే తరువాత పరిశోధనకు పునాది. ఇల్లు కదలలేనివాళ్ళకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో కూడా ఈ కోర్సు పెట్టింది. దాంట్లో 55 శాతం మార్కులు వస్తే పీహెచ్.డీ.కి అర్హత. ఎస్.సి., ఎస్.టి., బి.సి. తదితర వర్గాలకు 5 శాతం సడలింపు వుంది. తరువాత నెట్ అనే జాతీయ పరీక్ష. సోషల్ వర్క్ అందులో ఒక సబ్జెక్టు. 2024 నుంచి ఆ మార్కులతోనే పీహెచ్.డీ.లో చేర్చుకునే పద్ధతి తెచ్చారు. దానికి 70, ఇంటర్వ్యూకు 30. మన రాష్ట్రంలో ఆర్‌సెట్ అనే పరీక్ష కూడా పెడుతూ వచ్చారు. నెట్‌లో పైన నిలిచినవారికి జూనియర్ ఫెలోషిప్ వస్తుంది. 2023 నుంచి అది నెలకు 37 వేల రూపాయలు. ఫెలోషిప్‌కు వయసు పరిమితి వుంది, ఆడవాళ్ళకు అయిదేళ్ళు సడలిస్తారు. చదువుకు మాత్రం వయసు అడ్డం కాదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళు డి.ఎస్.డబ్ల్యూ. అనే పేరు విని వుంటారు. అది కూడా డాక్టరేటే, కాకపోతే పీహెచ్.డీ. పరిశోధకులను తయారుచేస్తుంది, ఇది పనిలో వున్నవాళ్ళను ఇంకా పై మెట్టుకు తీసుకెళుతుంది. ఒకప్పుడు అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు ఈ పట్టానే ఇచ్చేవి. 1970లూ 80లలో దాన్ని పీహెచ్.డీ.గా మార్చేసుకున్నాయి. 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మళ్ళీ కొత్తగా మొదలుపెట్టింది, తరువాత ఇంకా చాలా చోట్ల వచ్చింది. ఉద్యోగం మానకుండా, ఇంటినుంచే చదివే వీలున్నవీ వున్నాయి. చేరాలంటే సాధారణంగా ఎం.ఎస్.డబ్ల్యూ. తరువాత కొన్నేళ్ళ పని అనుభవం చూపించాలి. మన దేశంలో పీహెచ్.డీ. మాత్రం దూరవిద్యలో కుదరదు, యు.జి.సి. ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో ఏడాదికి డాక్టరేట్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే దండం పెట్టి పంపించెయ్యండి. పార్ట్ టైమ్‌లో చెయ్యవచ్చు. ఉద్యోగంలో వుంటే పై అధికారి ఒప్పుకోలు పత్రం జతచెయ్యాలి.

చివరగా ఒక మాట, ముఖ్యంగా సంసారం మీద వున్న చెల్లెళ్ళకు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్.డీ.కి తక్కువలో తక్కువ మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళు గడువు. ఆ గడువు దాటితే పొడిగించుకునే వీలుంది, ఆడవాళ్ళకయితే దానిపైన ఇంకో రెండేళ్ళు కలుపుతారు. మొత్తం మీద పదేళ్ళు దాటకూడదు. కాన్పుకో, బిడ్డను చూసుకోవడానికో చదువు మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. అది గైడుగారి దయ కాదు, రాతలో వున్న నిబంధన. చేరిన రోజునే ఆఫీసులో అడిగి, ఆ సెలవుకు కాగితం ఎట్లా పెట్టుకోవాలో కనుక్కుని రండి.

వుంటాను మరి.